నేను క్షమించిన మనిషి

ఆ రోజుల్లో వేములపల్లి వైపు మా హైస్కూల్లో పిల్లలు నన్ను ఎయిడ్స్ టీచర్ అనేవాళ్లు. ముఖం మీద కాదు, చాటుగా. నేను జీవశాస్త్రం చెప్పేదాన్ని. లైంగిక వ్యాధుల మీద పిల్లలకు అవగాహన కల్పించాలని పైనుంచి ఆర్డరు వస్తే, మిగతా టీచర్లందరూ ఇంట్లో పెళ్లిళ్లనీ, నడుం నొప్పులనీ తప్పుకున్నారు. నేను మాత్రం ఎగురుకుంటూ వెళ్లి రెండు రోజులు శిక్షణ తీసుకుని, ఒక గుడ్డ సంచీ, ఒక బొమ్మల చార్టూ పట్టుకుని వచ్చాను. రెండు రోజుల్లో ఎంత తెలుస్తుందో అంతే తెలిసింది. నాకు మాత్రం మొత్తం తెలిసిపోయిందనిపించింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఆ సామెతకు ఎవరైనా బొమ్మ గీస్తానంటే నేను కదలకుండా కూర్చుంటాను.

నాది కోదాడ. మా ఆయనది సూర్యాపేట. కాపురం మిర్యాలగూడలో. ఆయన నాకు మేనమామ కొడుకే, ఊహ తెలిసినప్పటి నుంచి బావా అని పిలిచిన మనిషే. రైసు మిల్లులో గుమస్తా. నెలకు రెండు మూడు సార్లు బియ్యం లారీల వెంట కాకినాడ దాకా వెళ్లి, లోడు అప్పజెప్పి, నాకో డబ్బా కాజాలు తెచ్చేవాడు. మాట తక్కువ. నేను బళ్లో ఏడు పీరియడ్లు మాట్లాడి వచ్చి ఎనిమిదో పీరియడు ఇంట్లో మొదలుపెడితే, చేటలో బియ్యం ఏరుతూ వినేవాడు. ఎదురు ప్రశ్న వేసేవాడు కాదు. అలాంటి విద్యార్థి ఏ టీచరుకైనా ఇష్టమే.

రెండు వేల రెండులో నాకు మొదటిసారి నెల తప్పింది. మిర్యాలగూడలో ఒక లేడీ డాక్టరు దగ్గర రక్త పరీక్షలన్నీ చేయించుకున్నాను. మర్నాడు రిపోర్టుల కోసం వెళితే, ఆవిడ తలుపు దగ్గరికి వేయించి గొంతు తగ్గించింది.

"కడుపుతోని ఉన్నోళ్లందరికీ సుఖవ్యాధి పరీక్ష ఒకటి చేస్తం. వీడీఆర్ఎల్ అంటరు. నీది పాజిటివ్ వచ్చిందమ్మా."

నేను నోరు తెరిచేలోపు ఆవిడే మళ్లీ అంది. "పరేషాన్ కాకు. ఒక్కోసారి ఇది ఉత్తగనే గూడ వస్తది. ఖాయం చేసుకునేటందుకు ఇంకో పరీక్ష ఉన్నది, హైదరాబాద్ పంపాలె. పంపుదమా?"

నా జీవితంలో నేను చెప్పిన జవాబుల్లో అంత గొప్ప జవాబు ఇంకోటి లేదు. "అవసరం లేదు మేడం. ఇదంతా నాకు తెలుసు. పిల్లలకు నేనే చెప్తాను" అన్నాను.

ఆవిడ నా వైపు ఒకసారి చూసింది. ఇంత తెలిసినదానికి ఇంక చెప్పేదేముంది అనుకుందేమో, ఇంజెక్షన్లు రాసిచ్చి, మీ ఆయనకూ పరీక్ష చేయించమని పంపించింది.

ఇంటికొచ్చి బావను కుర్చీలో కూర్చోబెట్టాను. బీరువా మీద నుంచి బొమ్మల చార్టు దింపి, లారీ డ్రైవర్ల పేజీ తీసి ముందు పెట్టాను. ఇది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. కట్టుకున్న మొగుణ్ణి నిలదీయడానికి చార్టు వాడిన ఆడది నల్గొండ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"నేనేమన్న డ్రైవర్నా?" అన్నాడు బావ, బొమ్మ చూసి.

"లారీ ఎక్కుతావుగా!" అన్నాను.

తర్వాత రిపోర్టు చూపించాను. బావ దాన్ని చాలాసేపు చూశాడు. "నీకు వచ్చిందన్నరా? నీకా?" అన్నాడు. "పేరు సక్కగ సూసిన్రా? ఈ కాయితం నీదేనా?" అన్నాడు. అదే ప్రశ్న మూడుసార్లు అడిగాడు. దొరికిపోయిన దొంగ నీళ్లు నములుతున్నాడనుకున్నాను. వెళ్లి పరీక్ష చేయించుకుని రమ్మన్నాను.

నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు పొద్దున సూర్యాపేట వెళ్లి మధ్యాహ్నానికి వచ్చాడు. చెప్పులు విడుస్తూ, గోడ వైపు చూస్తూ అన్నాడు. "నాగ్గూడ ఉన్నదన్నరు."

"ఎక్కడ తెచ్చుకున్నావు?"

"కాకినాడల. ఒక్కసారి."

"తాగావా?"

కొంచెం ఆలోచించాడు. "ఆఁ. తాగిన."

తాగుడు కూడా ఉందన్నమాట! నేను లేచి కాజాల డబ్బా తీసుకెళ్లి బయట చెత్తకుండీలో గుమ్మరించి వచ్చాను. రోజంతా ఏడ్చాను. మా అమ్మ దగ్గరికి పోదామంటే ఏమని చెప్పను? కడుపులో బిడ్డ ఉంది. మర్నాడు పొద్దున్నే ముఖం కడుక్కుని బావ ముందుకొచ్చి, "నిన్ను క్షమించాను" అని ప్రకటించాను. బావ తలూపాడు.

ఇప్పుడు ఆ ఇంజెక్షన్లు ఎక్కడ వేయించుకోవాలన్నది పెద్ద సమస్య అయింది. మిర్యాలగూడలో ప్రతి దవాఖానలోనూ మా స్కూలు పిల్లల తాలూకు ఎవరో ఒకరు ఉంటారు. సూర్యాపేటలో మా అత్తమ్మకు తెలియని సందు లేదు. చివరికి కోదాడలో కొత్తగా విజయవాడ వైపు నుంచి వచ్చిన ఒక కాంపౌండరును పట్టుకున్నాం. మూడు ఆదివారాలు హుజూర్‌నగర్ మీదుగా బస్సులో పోయి, చెరొక ఇంజెక్షన్ వేయించుకుని, తర్వాత మా అమ్మ ఇంటికి భోజనానికి పోయేవాళ్లం. ఆ సూది సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. పిర్రలో దిగితే ఆ పూట కూర్చోలేం, నిలబడలేం. ఇద్దరం చెరో పక్కకు ఒరిగి పీటల మీద కూర్చుంటే మా అమ్మ వింతగా చూసేది.

"ఏంటే, ఇద్దరూ అలా కూర్చున్నారు?"

"బస్సులో సీటు విరిగిందమ్మా."

"మూడు వారాల నుంచీ అదే సీటులో వస్తున్నారా?"

బావ అన్నం ముద్ద గొంతుకు అడ్డం పడి దగ్గాడు. నేను నవ్వలేదు. క్షమించినవాళ్లు నవ్వకూడదని నా లెక్క.

నాలుగో నెలలో ఆ బిడ్డ పోయింది.

ఆస్పత్రి మంచం మీద నేను బావతో అన్న మాట రాయకుండా దాటెయ్యాలని ఉంది. కానీ బొమ్మల చార్టు గురించి రాసినదాన్ని ఇది రాయకపోతే దొంగనవుతాను. "నీ పాపమే నా బిడ్డను మింగింది" అన్నాను. పక్క మంచం వాళ్లు విన్నారు. బావ నా కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. దుప్పటి సరిచేసి బయటికి వెళ్లిపోయాడు.

రెండేళ్ల తర్వాత మళ్లీ కడుపు. పరీక్షలో మళ్లీ అదే పాజిటివ్. ఇంకా పూర్తిగా పోలేదేమో, మరో మూడు వేసుకోండన్నారు. నేను బావ వైపు తిరిగి, మళ్లీ వెళ్లావా అని అడిగాను. మళ్లీ కోదాడ, మళ్లీ చెరో పక్కకు ఒరిగి భోజనాలు. అయిదో నెల నిండాక ఆ బిడ్డా పోయింది. ఈసారి మేనరికం వల్లే అని మా రెండు కుటుంబాల పెద్దలూ తేల్చేశారు. నాకు అసలు కారణం తెలుసు కాబట్టి, పాపం వీళ్ల అజ్ఞానం అనుకుని ఊరుకున్నాను.

ఇక నా క్షమాపరిపాలన గురించి కూడా చెప్పాలి. బావ కాకినాడ ట్రిప్పులు మాన్పించాను. మిల్లు ఓనరును తనే బతిమాలుకుని, వడ్ల తేమ చూసే దగ్గరికి మారాడు. బావ తువ్వాలు వేరు, సబ్బు వేరు. ఆ తువ్వాలు నేను వారానికోసారి ఉడకబెట్టేదాన్ని. తువ్వాళ్ల వల్ల ఈ జబ్బులు అంటవు అని పొద్దున తొమ్మిదో తరగతికి చెప్పి వచ్చి, సాయంత్రం ఉడకబెట్టేదాన్ని. ఎవరైనా మీ ఆయన ఎంత మంచోడమ్మా అంటే, ఒక నిట్టూర్పు విడిచి ఊరుకునేదాన్ని. ఆ నిట్టూర్పు నాకు బాగా కుదిరింది. తప్పు చేసిన మొగుడితో కాపురం చేస్తున్నానన్న దర్జాకు అలవాటు పడ్డాను. దాంట్లో సుఖం లేదని అంటే అబద్ధం.

మధ్యలో నా ఒళ్లు ఏదో చెబుతూనే ఉంది. బుగ్గల మీద ఎర్రటి మచ్చలొస్తే మంగు అన్నారు. పసుపు రాశాను. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు, సుద్దముక్క చేతిలోంచి జారేది. వయసు అనుకున్నాను. నాకు అప్పటికి ముప్ఫై ఒకటి.

రెండు వేల ఆరు వేసవి సెలవుల్లో సూర్యాపేటలో అత్తమ్మ ఇంట్లో ఉండగా ఎడమ పిక్క బిగిసి, కాలు వాచింది. నరం పట్టిందంది అత్తమ్మ. వేడి నూనెతో రెండు రోజులు మర్దనా చేసింది. మూడో రోజుకు కాలు అరటి బోదెలా అయింది. బావ మిర్యాలగూడ నుంచి వచ్చి చూసి, ఎవరి మాటా వినకుండా ఆటో పిలిచాడు.

ఆస్పత్రిలో డాక్టరు కుర్రవాడే, చదువు ముగించుకుని కొత్తగా వచ్చాడు. స్కాన్ చేయించి, పిక్క లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందన్నాడు. ముందు ఆ మర్దనా చేసినవాళ్లెవరో చెప్పండి, చేతులు కట్టేస్తానన్నాడు. అత్తమ్మ కొంగు చాటున చేతులు దాచుకుంది. మందు మొదలుపెట్టే ముందు రక్తం తీశారు. ఆ రిపోర్టు వచ్చాక డాక్టరు మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"విచిత్రం సూడండి మేడం. కాల్ల చూస్తే రక్తం గడ్డ కట్టింది. గాజు గొట్టంల చూస్తే మీ రక్తం గడ్డ కట్టేటందుకు అందరికన్న ఎక్కువ టైం తీసుకుంటున్నది. రెండూ ఒకేసారి ఎట్లయితయి?"

జీవశాస్త్రం టీచరును. నాకు తెలియలేదు.

"పిల్లలు?"

"రెండు పోయాయి."

"ఎప్పుడన్న వీడీఆర్ఎల్ అనే పరీక్ష పాజిటివ్ వచ్చిందా?"

పక్కన అత్తమ్మ ఉంది. "లేదు" అన్నాను, వెంటనే, గట్టిగా.

గోడకు ఆనుకుని నిలబడ్డ బావ, ఆ ఇంట్లో పదేళ్లకోసారి మాట్లాడే మనిషి, తన తల్లి ముందే అన్నాడు. "వచ్చింది సార్. రెండుసార్లు వచ్చింది."

నాకు ఒళ్లంతా మండిపోయింది. కానీ డాక్టరు ముఖం వెలిగిపోయింది. పెన్ను తీసి కాగితం వెనక బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. నా రక్తం నా ఒంటిమీదే యాంటీబాడీలు తయారు చేస్తోందన్నాడు. బయటి నుంచి వచ్చిన క్రిమిని పట్టుకోవాల్సినవి, నా సొంత కణాల పొరల్లోని కొవ్వునే శత్రువనుకుంటున్నాయట. గాజు గొట్టంలో పరీక్ష కోసం కలిపే కొవ్వును కూడా అవి పట్టేసుకుంటాయి కాబట్టి రక్తం ఆలస్యంగా గడ్డ కట్టినట్టు కనబడుతుంది. ఒంట్లో మాత్రం అవే గడ్డలు కట్టిస్తాయి. కడుపులో బిడ్డకు తిండి అందించే మాయలో కట్టినా ఆశ్చర్యం లేదన్నాడు. ఆ సుఖవ్యాధి పరీక్షలో వాడేది కూడా ఎద్దు గుండెలోంచి తీసిన అలాంటి కొవ్వేనట. నా యాంటీబాడీలు దాన్నీ వదల్లేదు. జబ్బు లేకుండానే పాజిటివ్ వచ్చి ఉంటుందన్నాడు. బుగ్గల మీద మంగు, వేళ్ల నొప్పులు, పోయిన పిల్లలు, వాచిన కాలు అన్నీ కలిపి దీని పేరు లూపస్ అన్నాడు.

నాకంటే ముందు బావకు అర్థమైంది. "మా మిల్లుల తేమ మీటరు గిట్లనే సూపెడ్తది సార్ ఒక్కోసారి. వడ్లు మంచిగ ఎండినయే ఉంటయి. మీటరు పచ్చివంటది" అన్నాడు.

"కరెక్ట్" అన్నాడు డాక్టరు. "వడ్లు మంచియే."

ఖాయం చేసే ఆ పరీక్ష కోసం నా రక్తం హైదరాబాద్ పంపారు. నాలుగేళ్ల కిందట నేను అక్కర్లేదన్నది అదే. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. నాకు సుఖవ్యాధి లేదు. ఎప్పుడూ లేదు.

ఆ కాగితం సంచీలో పెట్టుకుని, కుంటుకుంటూ బావ భుజం పట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. ఇంకెవరైనా అయితే ఆ బస్సులో ఏం చేసేవాళ్లో. నేను మాత్రం ఊరు దాటకముందే విచారణ తిరగదోడాను.

"నాకసలు లేదంట. విన్నావుగా?"

"ఇన్న."

"మరి నీకెక్కడిది? నీకుండి నాకు అంటలేదా? కాకినాడ సంగతి అసలు ఎప్పటిది? నిజం చెప్పు బావా!"

ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసింది. బావ కిటికీలోంచి కాలువ వైపు చూస్తున్నాడు.

"నాకెప్పుడు లేకుండె" అన్నాడు.

"కాకినాడలో?"

"కాకినాడల లోడు దించుడు, కాజాలు కొనుడు. గంతే. పరీక్ష చేయించిన. ఏం లేదన్నరు. ఆ కాయితం చింపి గీ కాలువలనే ఏసిన."

"మరి ఉందని ఎందుకు చెప్పావు?"

"నీ ఒక్కదానికే ఉన్నదంటే, నువ్వు తల ఎత్తుకొని బడికి పోలేవని."

ఈ మాట లోపలికి దిగడానికి నాకు రెండు స్టాపులు పట్టింది. బావకు లేదు. నాకు ఉందన్నారు. బావ వల్ల నాకు రాలేదని బావకు ఆనాడే తెలుసు. అంటే, నాకు ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నాడు?

"బావా. అంటే, నువ్వు నన్ను..."

"అనుకున్న" అన్నాడు.

"మరి అడగలేదేం?"

"అడిగితే సెప్తవ్ నువ్వు. నీకు దాచుడు రాదు. సెప్పినంక ఇగ నాకు ఇంట్ల ఉండుడు కాదు."

నేనిప్పుడు ఆ బస్సులోనే బావ చేతులు పట్టుకుని ఏడ్చానని రాస్తే బాగుంటుంది. అలా జరగలేదు. నాకు కోపం వచ్చింది! నన్ను, ఇంత నిప్పులాంటిదాన్ని, అలా అనుకుంటాడా? నాలుగేళ్లు మొగుణ్ణి దోషిని చేసి తువ్వాళ్లు ఉడకబెట్టినదాన్ని, నన్ను అనుమానించాడని మూడు రోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టి గిన్నె ఠక్కుమని కింద పెట్టేదాన్ని. బావ తిని, గిన్నె కడిగి పెట్టి మిల్లుకు పోయేవాడు. నాలుగో రోజు తువ్వాలు ఉడకబెడదామని అలవాటుగా నీళ్లు పొయ్యి మీద పెట్టి, అవి మరుగుతుంటే చూస్తూ ఉండగా నాకు సిగ్గేసింది. ఇప్పుడు రాస్తున్నా సిగ్గే. ఇద్దరం ఒకరినొకరం తప్పుగా అనుకున్నాం. నేను అనుకుని ఏం చేశానో, బావ అనుకుని ఏం చేశాడో పక్కపక్కన పెట్టి చూసుకుంటే నాకు మొఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొయ్యి ఆర్పి, మిల్లు దాకా వెళ్లి, తేమ మీటరు బల్ల ముందు నిలబడి, వడ్ల రైతులు చూస్తుండగా "తప్పయింది బావా" అన్నాను. "సరే, ఇంటికి పో, కాలు వాస్తది" అన్నాడు.

తర్వాత ఏడాదిన్నర మందులు. లూపస్‌కు మలేరియా గోలీ ఇస్తారంటే మా అమ్మ డాక్టరునే అనుమానించింది. రెండు వేల ఎనిమిదిలో మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు, రక్తం పలచబడేందుకు అప్పటిదాకా వాడిన మాత్ర బిడ్డకు మంచిది కాదని మార్చి, రక్తం గడ్డ కట్టకుండా రోజూ పొట్ట మీద వేసుకునే ఇంజెక్షన్ రాశారు. వేయడం బావ నేర్చుకున్నాడు. రోజూ పొద్దున మిల్లుకు పోయే ముందు చేతులు కడుక్కుని, నా పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి, సన్న సూది దించేవాడు. పొట్టంతా నల్లమచ్చలు. నిన్న ఎక్కడ వేశాడో గుర్తుపెట్టుకుని ఈరోజు ఇంకోచోట వేసేవాడు. ఆ కడుపు నిలిచింది. బిడ్డ ఇప్పుడు ఒకటో తరగతి.

ఆరో నెలలో అనుకుంటా, ఒక పొద్దున సూది పట్టుకుని కూర్చున్న బావను అడిగాను. రెండేళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిన ప్రశ్న.

"ఎవరనుకున్నావు?"

"ఇప్పుడెందుకది?"

"చెప్పు బావా."

రెండు వేళ్లతో నా పొట్ట మీద చర్మం పట్టాడు. "మీ లెక్కల సారు."

పొట్ట ఎగిరెగిరి పడేలా నవ్వాను. బావ సూది వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. లెక్కల సారుకు నలుగురు మనవలు, పైవరస కట్టుడు పళ్లు, ఆయాసం. ఎనిమిదో తరగతి మెట్లు ఎక్కి అయిదు నిమిషాలు కూర్చుంటేగానీ హాజరు పిలవలేకపోయేవాడు. నాకు ఉద్యోగం కొత్తలో అన్నీ ఆయనే నేర్పాడు. ఇంటికొచ్చి లెక్కల సారు ఇట్లా అన్నాడు, లెక్కల సారు అట్లా అన్నాడు అని నేను చెబుతుంటే, బావ బియ్యం ఏరుతూ అన్నీ విన్నాడన్నమాట.

నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. రెండో బిడ్డ పోయిన మరుసటి ఏడు ఆ సారు రిటైరయ్యాడు. ఫంక్షనుకు నన్ను బండి మీద దింపింది బావే. లోపలికి రా, భోజనాలున్నాయంటే రాలేదు. దండలు, శాలువాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి మూడు గంటలు పట్టింది. నేనూ మాట్లాడాను. సారు మాకు తండ్రిలాంటివాడని మైకులో చెబుతూ ఏడ్చాను కూడా. బయటికొచ్చేసరికి బావ గేటు పక్కన ఎండలో బండి మీద అలాగే కూర్చుని ఉన్నాడు. నా కళ్లు ఎర్రగా ఉండడం చూశాడు. నీళ్ల సీసా మూత తీసి నా చేతికిచ్చి, నేను తాగేదాకా ఆగి, బండి స్టార్టు చేశాడు.